కట్టెలు కొట్టేటప్పుడు పాటలు: ఏ పనికి పెట్టుకోవచ్చు, ఏ పనికి తీసెయ్యాలి?

వేన్నీళ్ళపొయ్యి:
నమస్కారం అండీ. వేన్నీళ్ళ పొయ్యికి, పండగ వంటలకు కలిపి ఒక ట్రాక్టరు లోడు కట్టె దించుకున్నాం. సగానికి పైగా సరుగుడు, తర్వాత సర్కారు తుమ్మ, నాలుగైదు లావుపాటి వేప దుంగలు. గొడ్డలి, సమ్మెట, రెండు ఇనప చీలలు, 16 అంగుళాల బారు (గొలుసు తిరిగే ఇనప పట్టీ) ఉన్న పెట్రోలు చైన్‌సా ఉన్నాయి. రోజూ పొద్దున రెండు గంటలు చేద్దామని. పాటలు లేకపోతే నాకు పని సాగదు. చెవిలో దూరే ఇయర్‌బడ్స్ ఉన్నాయి, నాయిస్ క్యాన్సిలింగ్ రకం. చైన్‌సాకు అవే సరిపోతాయా, చెవుల్ని పూర్తిగా మూసే ఇయర్‌మఫ్ విడిగా కొనాలా? ఇంట్లో వాళ్ళయితే అసలు పాటలే వద్దంటున్నారు.

రంపంపొట్టు:
ముందు చైన్‌సా సంగతి, ఎందుకంటే అక్కడ పోయేది చెవి. పెట్రోలు చైన్‌సా నడిపేవాడి చెవి దగ్గర మోత 100 నుంచి 110 డెసిబెల్స్ ఉంటుంది. అమెరికాలో పనిచోట భద్రత, ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమైపోతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలు. 106 దగ్గర నాలుగు నిమిషాలు కూడా నిండవు. మీరు రెండు గంటలంటున్నారు.

ఇయర్‌బడ్స్‌లోని నాయిస్ క్యాన్సిలింగ్ బస్సు ఇంజన్, ఫ్యాన్ లాంటి అడుగు స్వరం హోరును బాగా తగ్గిస్తుంది. గొలుసు కీచుమనే పైస్వరాల దగ్గర దాని పని అంతంతమాత్రం. పైగా రేటింగ్ ఉన్న రక్షణ పరికరం కాదది. మోత వినపడకుండా మీరు వాల్యూమ్ పెంచుతారు, అప్పుడు చెవికి రెండు దెబ్బలు. మోత ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె, ఎస్‌ఎన్‌ఆర్ అనో ఎన్‌ఆర్‌ఆర్ అనో, డబ్బా మీద వేసిన మఫ్ కొనండి. ఎస్‌ఎన్‌ఆర్ అయితే 27 పైన చూసుకోండి. తలపాగా మీదుగా, కళ్ళజోడు కాడ మీదుగా మఫ్ పెడితే ఆ సందులోంచి మోత లోపలికి వస్తుంది, డబ్బా మీది అంకెకు అర్థం ఉండదు. మనవాళ్ళు తువ్వాలు చుట్టుకుని దాని మీద మఫ్ బిగిస్తారు, అది ఊరికే అలంకారం. తువ్వాలు మెడకు వేసుకోండి.

ఇక పాటలు. చైన్‌సా నడుస్తున్నంతసేపూ వద్దే వద్దు. మఫ్ అన్ని శబ్దాల్నీ తగ్గిస్తుంది కానీ ఇంజన్ స్వరం మారితే తెలుస్తూనే ఉంటుంది. పాట ఆ మార్పునే కప్పేస్తుంది. కోతలో ఇంజన్ గొంతు దిగి మూలుగుతోందంటే గాటు మూసుకుని బారును పట్టేస్తోందని. ఒత్తకుండా లాగెయ్యండి. మామూలు కన్నా కీచుగా పైకి లేస్తోందంటే ట్యాంకులో పెట్రోలు అడుగంటిందని, లేదా ఎక్కడో గాలి లీకవుతోందని. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. పొట్టు పేలికల్లా కాక పిండిలా రాలుతూ, రంపం తనంతట తాను దిగకుండా ఒత్తితేనే కోస్తోందంటే గొలుసు మొద్దుబారింది, ఆకురాయి తియ్యండి.

గాటు మూసుకోకుండా ఉండాలంటే: దుంగ రెండు చివరలా ఆని ఉంటే పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కిందనుంచి పైకి. ఒక చివర గాల్లో ఉంటే తిరగేసి చెయ్యండి, ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి.

గొడ్డలికామ:
చైన్‌సా గురించి పై అన్న చెప్పింది సరిగ్గా ఉంది. గొడ్డలి విషయంలో మాత్రం చెవికి ఇంకా ఎక్కువ పని. చీల్చడం సగం చెవితోనే నడుస్తుంది.

ఎండిన రెండు చెక్కలు ఒకదానికొకటి కొడితే ఠంగుమంటుంది, పచ్చివైతే దబ్బుమంటుంది. పొయ్యికి ఏది సిద్ధమో చెప్పడానికి ఇంతకన్నా చవకైన మీటరు లేదు. దుంగ కొట్టే ముందు గొడ్డలి వెనకతో నడుమ మీద తట్టండి. డొల్లగా మోగితే ఆగి, బొరియ కోసం చూడండి. వేపలో, పాత మామిడిలో తేనెటీగలో కందిరీగలో కాపురం పెట్టి ఉంటాయి. తట్టాక లోపల హోరు లేచిందా లేదా అన్నది చెవిలో పాట ఉంటే వినపడదు.

దెబ్బ పడ్డాక వచ్చేది గమనించండి. దబ్‌మని గొడ్డలి దిగబడిపోతే చీలిక మొదలవలేదని, అక్కడే మళ్ళీ మళ్ళీ కొట్టి లాభం లేదు. ఠప్‌మన్న వెంటనే చిన్నగా టిక్ టిక్ టిక్‌మని వినిపిస్తే నారలు తెగుతున్నాయి, పగులు దానంతట అదే దిగుతోంది. ఇనప చీలతో చేసేటప్పుడు ఈ టిక్‌టిక్ ఇంకా స్పష్టంగా ఉంటుంది. అది విన్నప్పుడు సమ్మెట దించి రెండు క్షణాలు ఆగితే చాలాసార్లు మిగతా పని చెక్కే చేసుకుంటుంది. వినపడనివాడు ఇంకో రెండు దెబ్బలు వేసి చీలను చెక్కలో పాతేస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం కామ (గొడ్డలి కర్ర) వదులు. తల వదులైన గొడ్డలి దెబ్బకు ఒక శబ్దం కాదు, రెండు వస్తాయి, ఠ-క్క అని. ఇయర్‌బడ్స్‌తో అది పట్టుకోలేరు, తల ఊడి ఎగిరాకే తెలుస్తుంది. గొడ్డలిని తల కిందికి వేలాడేలా నిట్టనిలువుగా పట్టుకుని, కామ పైకొసన చెక్క సుత్తితో నాలుగు వెయ్యండి. తల తన బరువుకు తనే బిగుసుకుంటుంది. తర్వాత గొడ్డలి కంట్లోకి, అంటే కామ దూరే రంధ్రంలోకి, మేకు దించండి. నీళ్ళల్లో నానబెట్టడం ఒక్కరోజు ముచ్చట. కర్ర ఉబ్బుతుంది, ఎండలో ఆరాక ముందుకన్నా వదులవుతుంది.

మీ లోడులో సరుగుడు నిటారుగా చీలుతుంది, బెంగ లేదు. వేప నార పెనవేసుకుని ఉంటుంది. నడుమ కొడితే గొడ్డలి ఇరుక్కుంటుంది. అడుగు పొడవు మొద్దులుగా కోసి, అంచుల నుంచి పేళ్ళు పేళ్ళుగా తీసుకుంటూ లోపలికి రండి. ముడి ఉన్న వైపు కిందికి పెట్టండి.

ఆకాశవాణిశ్రోత:
ఇద్దరూ భయపెట్టేస్తున్నారు గానీ పాటలు పూర్తిగా మానక్కర్లేదండీ. రోకటి పాట ఊరికే పుట్టలేదు. ఇద్దరు ఒకే రోట్లో దంచుతుంటే రోకళ్ళు గుద్దుకోకుండా పాటే కాచేది. ఇద్దరు లాగే రంపానికీ అంతే. ఎవరి వంతుకు వాళ్ళు లాగాలి, అవతలివాడి వంతులో తొయ్యకూడదు, తోస్తే బ్లేడు వంగుతుంది. లయ కుదిరితే అది దానంతటదే జరుగుతుంది.

అందుకే గొడ్డలి పనికి హుషారు పాట మాత్రం వద్దంటాను. బీటు వెంట చెయ్యి పరిగెత్తుతుంది. గొడ్డలి ఎత్తడం, చూపు నిలపడం, దించడం, చెక్క సర్దడం ఇవన్నీ కలిపి నిమిషానికి ఐదారు దెబ్బలు చాలు. పాట వేగానికి పది వేస్తే అరగంటకే భుజం అలిసి, గురి తప్పి, దెబ్బ దిమ్మ అంచున పడి కాలి వైపు వస్తుంది.

పేర్చడం, మోపులు కట్టడం, పుల్లలు ఏరడం, పొట్టు ఊడ్వడం, వీటికి హాయిగా పెట్టుకోండి. చెవిలో కాదు, చిన్న స్పీకరు. నేల మీద పెడితే పొట్టు జాలీలో దూరుతుంది. గోడ మీదో కొమ్మకో, చెక్క ఎగిరే దిశకు పక్కగా, ఐదారు మీటర్ల దూరంలో. గుమ్మంలోంచి మామూలు గొంతుతో పిలిస్తే వినపడాలి, అదీ వాల్యూమ్ కొలత. పొద్దున వివిధ భారతి పెట్టేస్తే ఇంకా నయం. జిగురు చేతులతో ఫోను తడమక్కర్లేదు. ఆదివారం ఆరు గంటలకే మిషను మొదలుపెడితే ఇరుగుపొరుగు ఊరుకోరు, అది మీకు తెలిసిందే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55 డెసిబెల్సే.

వేన్నీళ్ళపొయ్యి:
చాలా థ్యాంక్సండీ. రెండు సందేహాలు. మఫ్ కింద ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయి కదా? బోన్ కండక్షన్ రకం (చెవిలో దూరకుండా ఎముక ద్వారా శబ్దం వినిపించేది) ఉంటే చెవి తెరిచే ఉంటుందంటారు, అది ఎలా? ఇంకోటి, పోయినేటి పాత కుప్ప ఒకటి ఉంది, ముందు దాన్ని కదపాలి.

రంపంపొట్టు:
మఫ్ కింద బడ్స్ పెట్టుకుంటే మోత తగ్గుతుంది నిజమే, కానీ ఇంజన్ స్వరం సంగతి అలాగే ఉంది కదా. ఎవరైనా వెనక నుంచి దగ్గరకొచ్చినా తెలియదు. బ్లూటూత్ ఉన్న మఫ్‌లు కూడా దొరుకుతాయి, వాటిలో పాట శబ్దం సాధారణంగా 82 డెసిబెల్స్ దాటనివ్వరు. చెవి వరకు అది క్షేమమే. ట్రాక్టరు దున్నకానికి తీసుకోండి, చైన్‌సాకు కాదు. బోన్ కండక్షన్ రకం పేర్చే పనికి బాగుంటుంది. మఫ్ కింద మాత్రం దాని పట్టీ ఒక సందు చేస్తుంది. డబ్బా మీద ఐపీ55 (దుమ్మును, నీటిని తట్టుకునే రేటింగ్) లేదా ఆపైన ఉందో లేదో చూసుకోండి, లేకపోతే దుమ్ముకో చెమటకో పాడవొచ్చు.

గొడ్డలికామ:
పాత కుప్ప దగ్గర పాట, స్పీకరు ఏదీ వద్దు తమ్ముడూ. రక్తపింజర చాలాసార్లు మన చెయ్యి దాని మీద పడకముందే పెద్దగా బుసకొడుతుంది, కుక్కరు ఆవిరి వదిలినట్టు ఆగకుండా. నాగుపాము కూడా బుస పెడుతుంది. అది మనకున్న హెచ్చరిక, దాన్ని పాటతో పోగొట్టుకోవద్దు. కుప్ప చుట్టూ గోరింకలు గుంపుగా గోల చేస్తున్నా, ఉడత తోక ఎగరేస్తూ ఒకే చోట ఆపకుండా అరుస్తున్నా ఆ వైపు నుంచి మొదలెట్టకండి.

కట్లపాము మాత్రం సడి చెయ్యదు, తేలూ అంతే. వాటికి నిశ్శబ్దం ఒక్కటే చాలదు. చేతితో తియ్యకండి, కొక్కెం ఉన్న నాలుగడుగుల కర్రతో పై వరస నుంచి ఒక్కో దుంగా మీ వైపుకి కాక పక్కకి దొర్లించండి. అడుగు వరసే అసలైన చోటు. తోలు తొడుగులు, చీలమండ దాటే బూట్లు వేసుకోండి. సర్కారు తుమ్మ ముల్లు హవాయి చెప్పును సునాయాసంగా దాటేస్తుంది కూడా. వెలుగు బాగా వచ్చాక మొదలుపెట్టి పొద్దు వాలకముందే ఆపెయ్యండి. కరిస్తే కట్లు కట్టడం, కొయ్యడం చెయ్యకుండా కదలనివ్వకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. ఫోను చార్జింగు పాటలకు అవగొట్టకండి.

కొత్త కుప్ప నేల మీద వెయ్యకుండా ఇటుకల మీద రెండు పొడవాటి దుంగలు పరిచి జానెడు ఎత్తులో పేర్చండి. అడుగున వెలుగు కనపడితే వచ్చే ఏడు కదపడం తేలిక, కట్టె కూడా చెమ్మ పట్టదు.