అప్‌డేట్: మక్కచేనులో అడవి పందులు, ఎయిర్ రైఫిల్ సంగతి

నర్సంపేట దిక్కు మక్కచేన్ల మీద పడే అడవి పందులకు ఎయిర్ రైఫిల్ పనికొస్తదా అని అడిగిన కదా. పనికిరాదు. లైసెన్సు అక్కర్లేని 4.5 మి.మీ. గన్ను శక్తి 20 జౌల్స్‌కు మించదు. ఆ గుండుకు పంది చావదు, గాయపడి మనిషి మీదికొస్తది. పైగా 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా పందిని కాల్చడం నేరం.

అందుకే సోలార్ ఫెన్సింగ్ వేసిన, అంటే సోలార్ కరెంటుతోని ఆగాగి షాక్ కొట్టే తీగల కంచె. తీగలు నేల నుంచి 20, 45, 75 సెం.మీ. ఎత్తుల. కింది తీగే అసలు కాపలా, ముట్టె తగిలేది దానికే. గడ్డి ఆనితే మాత్రం షాక్ అక్కడే కారిపోతది, కోస్తనే ఉండాలె.

మొదట్ల పందులు లెక్కచెయ్యలే. తీగకు షాక్ పంపే డబ్బా (ఎనర్జైజర్) బాగనే ఉంది, లోపం దాన్ని నేలకు కలిపే ఎర్తింగ్‌ల. 100 మీటర్ల అవతల తీగకు ఇనుప రాడ్డు ఆనించి నేలకు కలిపి, ఎనర్జైజర్ ఎర్త్ రాడ్డు మీద వోల్టుమీటరు పెట్టి చూసిన. ఎర్తింగ్ మంచిగుంటే 0.3 కిలోవోల్టు దాటొద్దు, 1.2 చూపింది. ఎండిన చెల్కల ఒక్క రాడ్డు ఏం సరిపోతది? మూడేసి మీటర్ల ఎడంతో ఇంకో రెండు దింపి, రాడ్ల మొదళ్ల దగ్గర నీళ్లు పోసినంక 0.2కు దిగింది.

ఇంటి కరెంటు నేరుగా తీగకు ఇచ్చుడు ముచ్చటే వద్దు, మనుషులు పోతరు.