నాన్నకి హంటింగ్టన్, మెదడుని మెల్లగా దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు. పెళ్ళికి ముందే నేను టెస్ట్ చేయించుకోవాలా?

పలాసబ్బాయి:
మా నాన్నకి 43వ ఏట చేతివేళ్ళు ఊరికే కదలడం మొదలైంది, తర్వాత నడక తూలింది. ఊళ్ళో తాగుడన్నారు. ఆయన జన్మలో సారా ముట్టలేదు. కోపం ఎక్కువయ్యేసరికి పిచ్చన్నారు. ఐదేళ్ళు తిరిగాక విశాఖలో ఒక న్యూరాలజిస్టు "మీ తాతగారు ఎలా పోయారు?" అని అడిగారు. అక్కడ చిక్కు వీడింది. రక్తపరీక్షలో సీఏజీ రిపీట్లు (జీన్‌లో వరసగా తిరిగొచ్చే ఒక చిన్న ముక్క ఎన్నిసార్లుందో ఆ లెక్క) 44, అంటే హంటింగ్టన్. నాకిప్పుడు 27 ఏళ్ళు. ఒక సంబంధం వచ్చింది. అమ్మేమో టెస్టూ వద్దు, ఎవరికీ చెప్పనూ వద్దు, చెల్లిని ఎవరూ చేసుకోరంటుంది. మీరేమంటారు?

బొబ్బిలి బాబాయ్:
చేయించుకో బాబూ, ఇందులో ఆలోచనేటి? మా అన్నది మేనరికం. కొడుక్కి పదిహేనేళ్ళప్పుడు చేతులు వణికి, మాట ముద్దయితే గాలి సోకిందని తాయెత్తు కట్టారు. చివరికి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం చూసి విల్సన్ జబ్బన్నారు. కూతురికీ పరీక్ష చేశారు. ఏ లక్షణమూ లేదు, జబ్బు మాత్రం ఉంది. అప్పట్నుంచి మందులు వాడుతోంది, డిగ్రీ చదువుతోంది. తెలుసుకోబట్టే కదా!

విజయనగరం ల్యాబ్:
బాబాయ్ గారూ, రెండింటినీ ఒకే గాట కట్టకండి. విల్సన్‌లో ఒంట్లో రాగి పేరుకుంటుంది. పెనిసిల్లమిన్‌తో దాన్ని బయటికి పంపొచ్చు, జింకుతో కొత్తగా చేరకుండా చూడొచ్చు. అందుకే తోబుట్టువులందరికీ పరీక్ష చేసి తీరాలి. హంటింగ్టన్‌ని ఆపే మందు లేదు. టెట్రాబెనజిన్ కదలికల్ని తగ్గిస్తుందంతే, అదీ కొందరిని డిప్రెషన్‌లోకి నెడుతుంది. మేనరికంతోనూ పనిలేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. 1993లో జీన్ దొరికింది, టెస్టూ వచ్చింది. అయినా విదేశాల్లో సైతం రిస్కున్నవాళ్ళలో ఎక్కువమంది చేయించుకోరు. సీఏజీ రిపీట్లు 40, ఆపైన ఉంటే జబ్బు వస్తుందని తెలుస్తుంది, ఏ ఏడాదో తెలియదు. 36 నుంచి 39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. ఆ కాగితం పట్టుకుని కుర్రాడు ఏం చేయాలి? ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి, టెస్ట్ మంచిచెడ్డలు అక్కడ వివరిస్తారు. పెళ్ళివాళ్ళ కోసమైతే టెస్ట్ అసలొద్దు.

బొబ్బిలి బాబాయ్:
అంటే దాచి తాళి కట్టమంటారా? ఆ పిల్ల గొంతు కోసినట్టు కాదా?

నరసన్నపేట కోడలు:
ఆ పిల్లని నేనే. మామగారికి ఈ జబ్బుందని అత్తారింట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. మావారికి మొదలయ్యాక తెలిసింది, అప్పటికే పాప ఉంది. ఇప్పుడు ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, అన్నం మెత్తగా పిసికి పెడతాను. పొలమారితే నిమోనియా వస్తుందని టెన్షన్. ఎంత తిన్నా చిక్కిపోతారు. నెయ్యి, పాలు, అరటిపళ్ళు పెంచమన్నారు. తమ్ముడూ, టెస్ట్ నీ ఇష్టం. నాకు ఆయన రిపోర్టు అక్కర్లేదు, మామగారి సంగతి చెప్పుంటే చాలు. చేసుకోవాలో వద్దో నేనే తేల్చుకునేదాన్ని. గర్భంలో ఉండగానే బిడ్డకి పరీక్ష చేసే వీలుందట, అదైనా ఆలోచించేవాళ్ళం.

పలాసబ్బాయి:
మరి చెల్లి మాటేంటక్కా? దానికి 17.

విజయనగరం ల్యాబ్:
లక్షణాలు లేకపోతే 18 లోపు టెస్ట్ చేయరు. మీకు ఏ రిజల్ట్ వచ్చినా ఆమెకి సగం సగమే. మీ రిజల్ట్ ఆమెని కాపాడదు, ముంచదు.

బొబ్బిలి బాబాయ్:
రిజల్ట్ ముంచదమ్మా, కబురు ముంచుతుంది. కోడలమ్మ మాట కాదనలేను గానీ, నేనైతే చేయించుకునేవాణ్ణే.

పలాసబ్బాయి:
ముందు చెల్లికి చెప్తాను, ఈ విషయం దానిది కూడా. ఆ తర్వాత నేరుగా ఆ అమ్మాయికే. టెస్ట్ సంగతి కౌన్సెలింగ్ అయ్యాక. అమ్మతో ఎలా మాట్లాడాలో మాత్రం తెలియట్లేదు.

నరసన్నపేట కోడలు:
పెళ్ళికి ముందు మీ అమ్మగారికి ఎవరైనా చెప్పారా? అది అడుగు.