ట్యాంకు నిండుగా ఉన్నా పై అంతస్తులో నీళ్లు దారంలా వస్తున్నాయి (పెందుర్తి, సొంత బోరు)

పెందుర్తి_పెరటితోట:
అందరికీ నమస్కారం. మాది రెండంతస్తుల ఇల్లు. సొంత బోరు, ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు, మెట్ల గది మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. రెండు నెలలుగా పై స్నానాల గదిలో 20 లీటర్ల బకెట్ నిండడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. కింద వంటింట్లో కాస్త నయం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిడ స్నానానికి కింద నుంచి నీళ్లు మోస్తున్నాం. చూడటానికి వచ్చిన ప్లంబరు బోరు ఎండిపోతోందని, కొత్తది వేయించమని చెప్పారు. అంత ఖర్చుకు దిగే ముందు మీ అనుభవం చెప్పండి.

మధురవాడ_మెట్ట:
కొత్త బోరు మాట ఇప్పుడే తలపెట్టకండి. బోరు పని ట్యాంకు నింపడం వరకే. కుళాయికి ఒత్తిడి ఇచ్చేది ట్యాంకు ఎత్తు. 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో వస్తుంది. మీ పై కుళాయికీ ట్యాంకుకూ మధ్య మూడు నాలుగు మీటర్లే కదా, అరకిలో కూడా రాదు. అంత తక్కువలో చిన్న అడ్డం పడినా ధార సన్నబడిపోతుంది. ఖాళీ ట్యాంకు నిండడానికి ఇదివరకు ఎంతసేపు పట్టేది, ఇప్పుడు ఎంత?

పెందుర్తి_పెరటితోట:
నిన్న గడియారం పెట్టుకుని చూశాను. 35 నిమిషాలు. వేసవికి ముందూ అంతే.

మధురవాడ_మెట్ట:
అయితే బోరు నిక్షేపంలా ఉంది. లోపం ట్యాంకు నుంచి కిందికి వచ్చే గొట్టాల్లోనే. ముందు కుళాయి మూతి దగ్గరి జల్లెడ విప్పి చూడండి.

గాజువాక_గడప:
గేటు వాల్వునూ వదలకండి. మా ఇంట్లో చక్రం తిరుగుతూనే ఉండేది, లోపలి పలక మాత్రం కాడ నుంచి ఊడి దారికి అడ్డంగా పడి ఉంది. బాల్ వాల్వు వేయించాక సమస్య పోయింది.

గోపాలపట్నం_వేపచెట్టు:
మాకు లోపం బోరులోనే ఉంది, అందుకని రాస్తున్నాను. ట్యాంకు దగ్గర నీళ్లు గాలితో కలిసి, దగ్గినట్టు ఆగి ఆగి పడేవి. అందరూ నీటి మట్టం పడిపోయిందన్నారు. మన దగ్గర ఖోండలైట్ రాయి, నీళ్లుండేది దాని పగుళ్లలోనే, కాబట్టి మే నెలలో అది జరగనిదేమీ కాదు. కానీ ఒక ముసలి మెకానిక్ మోటారు వేయించి, కేసింగ్‌కు, అంటే బోరు పైకి కనిపించే బయటి గొట్టానికి, చెవి ఆనించి వినమన్నారు. లోపల వాన కురుస్తున్నట్టు చప్పుడు! గొట్టం అతుకు దగ్గర చిల్లుపడి, పైకి రావలసిన నీళ్లు తిరిగి బోరులోకే పడుతున్నాయి. గొట్టాలు పైకి లాగి ఒక్క ముక్క మార్చారు. వోల్టేజీ తక్కువైనా, కెపాసిటర్ బలహీనపడినా మోటారు ఇలాగే నీరసంగా ఎత్తుతుంది. అవి చూడకుండా బోరును నిందించకూడదు.

పెదవాల్తేరు_అలలు:
సముద్రం దగ్గర ఉన్నవాళ్లకు నా మనవి: నీళ్లు తగ్గాయని బోరు ఇంకా లోతు చేయించకండి. మరీ లోతు నుంచి, మరీ ఎక్కువగా తోడితే ఉప్పునీరు లోపలికి వస్తుంది, ఒకసారి వస్తే త్వరగా పోదు.

ఎండాడ_కొండగాలి:
ప్రెషర్ పంపు ఉన్నవారు ఒకటి గమనించండి. కుళాయి తిప్పిన ప్రతిసారీ పంపు క్షణక్షణం ఆగుతూ మొదలవుతుంటే పంపు పక్కనుండే చిన్న ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గి ఉండవచ్చు. కరెంటు తీసేసి, నీళ్లన్నీ వదిలేశాక, టైర్ల గాలి చూసే మీటరుతోనే కొలవవచ్చు. పంపు మొదలయ్యే ఒత్తిడి 20 పీఎస్‌ఐ (టైర్ల గాలి కొలిచే లెక్కే) అయితే గాలి 18 ఉండాలి.

పెందుర్తి_పెరటితోట:
పని అయింది, అందరికీ కృతజ్ఞతలు. వంటింటి కుళాయి జల్లెడలో ఆవగింజలంత ఎర్రటి ఇసుక, దాని మీద తెల్లటి సున్నపు పొర. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే పోయింది. పైన మాత్రం అసలు కారణం వేరు. రెండు నెలల కిందట డాబాకు సున్నం వేయించినప్పుడు గొట్టాన్ని పిట్టగోడ మీదుగా ఎక్కించి దించారు. ఆ వంపులో గాలి పట్టేసింది. ఇప్పుడు గొట్టాన్ని గోడ కింద నుంచి వాలుగా తీసి, ట్యాంకు దగ్గర గాలి గొట్టం పెట్టించాం, దాని కొస ట్యాంకు మూత కంటే ఎత్తులో ఉంది. బకెట్ ఒకటిన్నర నిమిషంలో నిండుతోంది. ఈ ఉదయం అత్తగారు పైనే స్నానం చేశారు.