బీర పిందెను వేలెత్తి చూపితే రాలిపోతుందన్న మాటలో నిజమెంత?

ప్రశ్న – మిద్దెతోట, కావలి

అందరికీ నమస్కారం. మిద్దె మీద రెండేళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. ఈ వేసవిలో రెండు బీర పాదులు, ఒక సొర పాదు పందిరికి ఎక్కించాను. తీగ బాగానే సాగింది, పిందెలూ దిగుతున్నాయి. కానీ వేలెడంత కాగానే ముందు వైపు నుంచి పసుపుబారి, మెత్తబడి రాలిపోతున్నాయి. ఇంటికి వచ్చిన వాళ్లందరికీ నేను వేలెత్తి చూపిస్తున్నందువల్లనే ఇలా జరుగుతున్నదని మా అత్తగారి నమ్మకం. చూపవలసి వస్తే వేలు మడిచి చూపాలట. కరివేపాకు మొక్కకు పుల్ల మజ్జిగ పోయమని, నెలలో ఆ మూడు రోజులూ మొక్కల జోలికి పోవద్దని కూడా ఆవిడ చెబుతుంటారు. పెద్దల మాటను తీసిపారేయడం నాకు ఇష్టం లేదు, అలాగని కారణం తెలియకుండా పాటించనూ లేను. వీటిలో ఏది నిలుస్తుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు – పందిరి కింద, నెల్లూరు

మీ అత్తగారు చూసినది నిజమేనండీ, చెప్పిన కారణమే వేరు. బీర, సొర, గుమ్మడి జాతి తీగల్లో ఆడ పువ్వు విడవకముందే దాని అడుగున బుల్లి పిందె ఉంటుంది. మనం మురిసిపోయి పది మందికీ చూపించేది ఆ పిందెనే. మగ పువ్వు పుప్పొడి అందకపోతే అది మూడు నాలుగు రోజుల్లో పసుపుబారి రాలుతుంది. అందితేనే కాయగా ఎదుగుతుంది. అంటే మనం వేలు చూపే రోజులూ, పిందె నిలిచేదీ పోయేదీ తేలే రోజులూ ఒకటే కావడం వల్ల నింద వేలి మీద పడుతున్నది.

మిద్దె మీద ఇది మరీ ఎక్కువ. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది కనుక తేనెటీగలు దాని పని చూసుకుంటాయి. బీర పువ్వు సాయంత్రం విచ్చుతుంది, తెల్లని సొర పువ్వు కూడా పొద్దు వాలాకనే. ఆ వేళకు తేనెటీగలు చాలావరకు గూటికి చేరుతాయి, రాత్రి తిరిగే చిమ్మటల మీద ఆధారపడవలసి వస్తుంది. ఊరి మధ్య రెండో అంతస్తుకు అవి ఎన్ని వస్తాయి? పైగా మన వేసవి ఎండకు ఈ తీగల్లో మగ పువ్వులు పెరిగి ఆడ పువ్వులు తగ్గుతాయి. అందువల్ల సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య అప్పుడే విచ్చిన మగ పువ్వును తుంచి, రేకులు తీసేసి, ఆడ పువ్వు నడుమ ఉన్న జిగురు భాగానికి మెల్లగా అద్దండి. సొరకూ ఇదే పద్ధతి.

అనుమానం తీరాలంటే, ఒకే రోజు విచ్చిన పువ్వుల్లో సగానికి పుప్పొడి అద్ది ఎర్ర దారం కట్టండి, మిగతావాటిని అలాగే వదిలేయండి. తర్వాత అన్నింటినీ ధారాళంగా వేలెత్తి చూపండి.

ఇంకొక మాట. కొంచెం పెరిగాక వంకర తిరిగి, ఒక చోట చిన్న గాటు కనిపించి, లోపల పురుగు పడితే అది పుప్పొడి లోపం కాదు, పండు ఈగ పని. లేత కాయలో గుడ్లు పెట్టడం దాని అలవాటు. మా అవ్వ దిష్టి తగలకూడదని సొర పిందెకు పాత ధోవతి గుడ్డ చుట్టేది. దిష్టి సంగతి ఎలా ఉన్నా, ఈగకు మాత్రం అది గట్టి అడ్డు. ఇప్పుడు కాగితపు సంచి తొడిగేదీ అందుకే.

జవాబు – నిమ్మతోట, పొదలకూరు

మా వైపు ఇంకొక ఆచారం ఉంది. కాపు పట్టని చెట్టు దగ్గరకు ఇద్దరు వెళ్లి, ఒకరు గొడ్డలి ఎత్తి నరికేస్తానంటే, రెండోవారు ఈ ఏడు కాస్తుందిలే వదిలెయ్యమంటారు. కొందరు నిజంగానే బెరడు మీద గాట్లు పెడతారు. మాటలకు చెట్టు భయపడదు కానీ, గాటుకు కొంత అర్థం లేకపోలేదు. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు గుండా వేళ్లకు దిగకుండా కొమ్మలోనే నిలిచిపోతే పూతకు ప్రేరణ దొరకవచ్చు. నిమ్మకు మాత్రం ఈ పని చేయకండి. గాయం గుండా బంక తెగులు ఎక్కుతుంది.

మేము చెట్టును బెదిరించేది నీళ్లతోనే. ఆకు వడలే దాకా నీరు ఆపి బెట్టకు వదిలి, తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే విరగపూస్తుంది. హస్త కార్తె ప్రాంతంలో, అంటే సెప్టెంబరు చివర, పూత తెప్పించగలిగితే కాయ వేసవికి అందుతుంది. గూడూరు మార్కెట్టులో ధర ఉండేది అప్పుడే. చిక్కల్లా, ఆ తర్వాత కొద్ది వారాలకే మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. కాస్త ఆలస్యమైనా ఆకాశమే తడి ఇస్తుంటే బెట్ట ఎక్కడ?

కార్తెల సామెతలనూ ఈ దృష్టితోనే చూడాలి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నది నైరుతి వానల మీద బతికే సీమల మాట. నెల్లూరు వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడేదే కనుక, జూన్ నెలాఖరు ఆరుద్రను నమ్మి ఇక్కడ విత్తనం వేసినవారు నీళ్ల కోసం బోరు వైపు చూడవలసిందే.

జవాబు – ఒంగోలు నుంచి

మజ్జిగ గురించి నేను చెబుతాను. మా పెరట్లో సున్నపు పాలు ఎక్కువైన నేల. కరివేపాకు లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతా అంతా తెల్లబారేవి; అది ఇనుము లోపం. నేలలో ఇనుము ఉన్నా సున్నం వల్ల వేరుకు అందదు. పుల్ల మజ్జిగలోని ఆమ్లం దాన్ని కరిగిస్తుందన్నది ఊహగా బాగానే ఉంది, కానీ చెంబెడు మజ్జిగ పులుపును ఆ నేల ఇట్టే మింగేస్తుంది. ఏడాది పోసినా నాకు చీమలు తప్ప ఫలితం కనిపించలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండుసార్లు ఆకుల మీద పిచికారీ చేశాక కొత్త చిగురు పచ్చగా వచ్చింది. కుండీలో సున్నం లేని మట్టి అయితే పలుచని మజ్జిగ కొంత మేలు చేయవచ్చు.

ఇక ఆ మూడు రోజుల మాట. ఇది మన పల్లెల నమ్మకం మాత్రమే అనుకోకండి. బేలా షిక్ అనే వైద్యుడు వియన్నాలో 1920లో, బహిష్టులో ఉన్న పనిమనిషి చేతిలో పూలు వాడిపోయాయని చూసి, ఆ స్త్రీల చెమటలో విషం ఉంటుందని ప్రతిపాదించాడు. దానికి ఒక పేరూ పెట్టారు. తరువాతి పరిశీలనల్లో అలాంటి విషం ఉన్నట్టు తేలలేదు. నేను ఇరవై ఏళ్లుగా నెలలో ఏ రోజూ మానకుండా మల్లెలు కోస్తున్నాను, నీళ్లు పోస్తున్నాను. మోసే బరువు తగ్గించుకొని విశ్రాంతి తీసుకోమంటే వింటాను, మొక్క మాడుతుందంటే మాత్రం ఒప్పుకోను.

మళ్లీ మిద్దెతోట, కావలి

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు సాయంత్రాలు పుప్పొడి అద్ది ఎర్ర దారాలు కట్టాను. దారం కట్టినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ నిలిచాయి, కట్టనివి దాదాపు అన్నీ రాలిపోయాయి. ఎర్ర దారం కడితే దిష్టి తగలదని తాను ముందే చెప్పానంటున్నారు మా అత్తగారు. వచ్చే వారం తెల్ల దారం కట్టి చూస్తాను.