12,500 టన్నుల ఇకుమ్సా 45 చక్కెర ఆర్డర్: సరుకు ఎవరి దగ్గర పట్టాలి?

కొత్తనావ: అందరికీ నమస్తే. ఎగుమతులు కొద్దోగొప్పో చేశాను గానీ చక్కెర ఇదే మొదలు. విదేశీ పార్టీ ఒకరు నెలకి 12,500 టన్నులు అడుగుతున్నారు. ఇకుమ్సా 45 (రంగు కొలత ప్రకారం బాగా తెల్లటి శుద్ధి చక్కెర), 50 కిలోల బస్తాలు, సీఐఎఫ్ (ధరలోనే దిగే రేవు దాకా ఫ్రైటూ ఇన్సూరెన్సూ కలిపి), ఏడాది కాంట్రాక్టు. బ్రెజిల్ సరుకు ఇప్పిస్తానని ఒకతను తగిలాడు, 2 శాతం పెర్ఫార్మెన్స్ బాండ్ (సరుకు ఇవ్వకపోతే మనకొచ్చే హామీ సొమ్ము) కూడా ఇస్తాడట. అసలు మిల్లు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు ఏ కాగితాలు అడగాలి? ఇన్‌స్పెక్షన్ ఎవరి ఖర్చు?

గోతం: 12,500 టన్నులు, ఏడాది, 2 శాతం బాండ్. ఈ మూడూ ఒకే కాగితంలో కనబడితే నేను రెండో పేజీ తిప్పను. ఏళ్ల తరబడి అదే ఉత్తరం, లెటర్‌హెడ్ మారుతుందంతే. బ్రెజిల్ నుంచి పోయేదాంట్లో ఎక్కువ భాగం ముడి చక్కెరే, వ్యాపారంలో వీహెచ్‌పీ అంటారు. 45 రంగు సరుకు అక్కడ లేదనను, ప్రతి బ్రోకర్ జేబులోనూ ఉండేంత లేదు. ఒక లెక్క చేసుకో. న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో ముడి చక్కెర కాంట్రాక్టుని 11వ నంబరు అంటారు, దాని ధర పౌనుకి సెంట్లలో ఉంటుంది, 22.046తో గుణిస్తే టన్నుకి డాలర్లొస్తాయి. అది ముడి చక్కెరకి, ఎక్కే రేవులో ఓడకెక్కించేవరకే. నీ వాడు శుద్ధి చేసి, బస్తాలకెత్తి, ఫ్రైటూ ఇన్సూరెన్సూ కలిపి అంతకంటే తక్కువ చెప్పాడా? అయితే అక్కడ చక్కెర లేదు.

నాలుగోచెయ్యి: కమీషన్ ఒప్పందం మాత్రం ముందే రాయించుకోండి. నా డీల్‌లో అటు నలుగురు, ఇటు ఐదుగురు, అందరూ ‘మాండేట్’లే, అంటే అసలు పార్టీ తరఫు మనుషులమని చెప్పుకునేవాళ్లే. మూడు నెలలు ఎవరి వాటా ఎంతన్నదే కొట్లాట. చివరికి మిల్లు పేరు చెప్పండ్రా అంటే ఒక్కడికీ తెలీదు.

తడిబస్తా: మిల్లు, దళారి సరే. ఎల్‌సీలో (కొన్నవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) పరిమాణం ఎలా రాస్తున్నారో చూసుకోండి. నాది 5,200 బస్తాలు అని రాశారు. పది కంటైనర్లు, ఒక్కోదానికి 520. ఎక్కించేటప్పుడు 12 చినిగాయి, 5,188 వెళ్లాయి. 600 కిలోల తేడా! కాగితాలు ఎల్‌సీతో కలవలేదని బ్యాంకు డిస్క్రిపెన్సీ కొట్టింది. అప్పటికే ధర పడిపోతోంది, కొన్నవాడికి అదే పండగ. డిస్కౌంట్ ఇస్తేనే కాగితాలు ఒప్పుకుంటానన్నాడు. ఇచ్చాను.

పాతకాపు: మీ బ్యాంకువాళ్లకి పని రాదు. ఎల్‌సీలకి బ్యాంకులు పాటించే నియమాలు, యూసీపీ 600లో 5 శాతం హెచ్చుతగ్గులు ఉండొచ్చని ఉంది. 22 ఏళ్లుగా ఓడలకి ఓడలు పంపుతున్నా, ఒక్కసారి కూడా ఎవడూ ఆపలేదు. వాదించుంటే డబ్బు వచ్చేది. జనం చదవకుండా ఈ వ్యాపారంలోకి దిగుతున్నారు.

తడిబస్తా: చదివే చెప్తున్నానండి. 30వ ఆర్టికల్, ‘బి’. పరిమాణాన్ని బస్తాల సంఖ్యలో చెప్తే ఆ 5 శాతం వర్తించదు. మీరు సగం వాక్యం దగ్గర ఆగిపోయారు.

పాతకాపు: నేను చెప్పింది లూజు సరుకు గురించి.

గోతం: ఇక్కడ లూజు ఊసెత్తిందెవరు సార్? మొదటి పోస్టులోనే 50 కిలోల బస్తాలని ఉంది.

పాతకాపు: నువ్వు పుట్టకముందు నుంచి బీఎల్‌లు (సరుకు ఎక్కినట్టు ఓడవాళ్లిచ్చే రసీదులు) చూస్తున్నా. ‘సుమారు’ అని రాయించుకుంటే 10 శాతం దాకా వెసులుబాటు ఉంటుంది, అది తెలుసా?

తడిబస్తా: తెలుసు. రాయించుకుంటే. నా ఎల్‌సీలో ఆ మాట లేదు కాబట్టే ఏడుస్తున్నా. పేజీ తెరిచి చూడమంటే వయసు చెప్తారేంటి?

నాలుగోచెయ్యి: కమీషన్ గురించి చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు.

ఉండకట్టు: మీ కొట్లాట మధ్యలో నాదొకటి. సీఐఎఫ్ అనగానే దిగే రేవు దాకా మనదే పూచీ అనుకుంటారు, ఎక్కే రేవులో ఓడలోకి చేరగానే రిస్కు కొన్నవాడిది. అందుకని నేను నిశ్చింతగా ఉన్నా. ఫొటోలు వచ్చాయి. కంటైనర్ కప్పు మడతల వెంట వరసగా నీటి బొట్లు, పై రెండు వరసల బస్తాలు నల్లగా మచ్చలు, చాకుతో కోస్తే లోపల రాయిలా ఉండలు. ఓడలోకి నీళ్లు రాలేదు, కంటైనర్ చెమట పట్టింది. ముందురోజు కడిగి ఆరకుండానే సరుకు పెట్టారు. మా కుర్రాడు చెప్పాడు కూడా, నేనే కానిమ్మన్నా. తేమ పీల్చే సంచులు నాలుగు వేలాడదీసి, కప్పు కింద క్రాఫ్ట్ కాగితం కట్టుంటే పోయేది. ఇన్సూరెన్సేమో ‘సి’ క్లాజు, అన్నిటికంటే తక్కువ కవరున్నది, సీఐఎఫ్‌కి అడిగేది అంతవరకే. చెమట అందులోకి రాదు. తడి కంటైనర్లో పెట్టింది మీరే కదా, రిస్కు నాదెలా అవుతుందన్నాడు కొన్నవాడు. ఏమంటాం?

పాతకాపు: అన్నిటికంటే ఎక్కువ కవరున్న ‘ఏ’ క్లాజు తీసుకోవాలి. ఎన్నిసార్లు చెప్పాలి.

గోతం: ఇదే మొదటిసారి చెప్పడం.

కొత్తనావ: గోతం గారి లెక్క వేశాను. మా వాడి రేటు 11వ నంబరు కంటే తక్కువే. మిల్లు పేరు అడిగితే ముందు బ్యాంకు లెటర్ పంపు, తర్వాత చెప్తానన్నాడు. పోనీ వాడిని వదిలేస్తాను. కొనే పార్టీ మాత్రం నిజమే, వాళ్లని వదులుకోలేను. వాళ్ల డ్రాఫ్ట్‌లో ‘2,50,000 బస్తాలు’ అనే ఉంది. దాన్ని టన్నుల్లోకి మార్చమని ఇప్పుడే మెయిల్ పెట్టా.

తడిబస్తా: ‘సుమారు’ కూడా పెట్టించు. డబ్బు మొత్తానికి కూడా, లేకపోతే ఎక్కువ ఎక్కినదానికి పైసా రాదు.