తాళం వేసిన ఇంటికి దొంగల అలారం: తీగలున్నది మేలా, తీగలు లేనిది మేలా?

హన్మకొండ_వాసి:
మాది రెండంతస్తుల సొంత ఇల్లు. సంక్రాంతికి ఊరికి వెళ్లేలోగా అలారం బిగించుకోవాలని అనుకుంటున్నాము. తీగలతో పనిచేసేది తీసుకోవాలా, తీగలు లేనిదా? పైన బాల్కనీ తలుపుకూ, వెనక వంటింటి ఇనుప తలుపుకూ ఏ సెన్సర్ సరిపోతుంది? ఖర్చు ఎంతవుతుందో కూడా అనుభవమున్నవారు తెలియజేయగలరు.

నిద్రలేని_పొరుగు:
కొనేవారు తమ నగల గురించి ఆలోచిస్తారు గానీ పక్కింటివారి నిద్ర గురించి ఆలోచించరు. మా ఎదురింటివారు ఊరికి వెళ్లినప్పుడల్లా అర్ధరాత్రి సైరన్ మోగుతుంది, తీరా చూస్తే బల్లి. తాళంచెవి ఎవరికీ ఇచ్చి వెళ్లరు కనుక దానంతట అది ఆగేదాకా వీధంతా జాగారమే. ఇప్పుడు అది మోగినా ఎవరూ కిటికీ కూడా తెరవడం లేదు. రేపు నిజంగా దొంగే వచ్చినా తెరవరు.

తీగల_పంతులు:
బల్లికి అలారం మోగదు. గదిలో కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్ పట్టుకునేది కదిలే వేడిని. బల్లి శీతలరక్త జీవి కాబట్టి దాని ఒంటి వేడి అది పాకే గోడ వేడికి ఇంచుమించు సమానంగా ఉంటుంది. మీ ఎదురింటివారు సెన్సర్‌ను ఎండ పడే కిటికీకో, ఏసీకో ఎదురుగా పెట్టించి ఉంటారు. బ్యాంకులకూ నగల దుకాణాలకూ ఏళ్ల తరబడి అలారాలు బిగిస్తున్నవాడిగా చెబుతున్నాను, అందరూ తమ బద్ధకాన్ని బల్లి మీదికి నెడుతున్నారు.

పల్నాటి_బిడ్డ:
పంతులుగారూ, దూరాన గోడ మీద పాకే బల్లి వేరు, సెన్సర్ ముఖం మీదే పాకే బల్లి వేరు. లోపల రెండు భాగాలుంటాయి, ఒకదానికి అందే వేడికీ రెండోదానికి అందే వేడికీ ఉన్నట్టుండి తేడా వస్తేనే అది మోగుతుంది. బల్లి వచ్చి ఒక పక్కను కప్పేస్తే ఆ తేడా రాదా? మా ఇంట్లో పనివాళ్లు దాన్ని ట్యూబ్‌లైటు కిందనే బిగించి వెళ్లారు. లైటుకు పురుగులు, పురుగులకు బల్లులు చేరాయి. లైటుకు దూరంగా మార్పించి, తీగ వెళ్లే రంధ్రాన్ని సిలికాన్‌తో మూయించాక ఆ గోల పోయింది.

తీగల_పంతులు:
చోటు మార్చితే పోయిందంటే తప్పు బిగింపుదే గాని బల్లిది కాదు. నేను చెప్పినదీ అదే.

పల్నాటి_బిడ్డ:
మీరు చెప్పినది "బల్లికి మోగదు" అని. పైన మీ మాటలే ఉన్నాయి, ఒకసారి చదువుకోండి. అంత అనుభవం ఉన్నవారు, వేసవిలో మూసిన గది వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరైనప్పుడు ఇదే సెన్సర్ మందగిస్తుందన్న సంగతి ఎందుకు చెప్పలేదు? మా రెంటచింతల వైపు మే నెలలో ఇంటికి తాళం వేసి వెళితే మీ పీఐఆర్‌ను ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవాలా?

తీగల_పంతులు:
అందుకే తలుపు తెరవగానే పసిగట్టే అయస్కాంతపు సెన్సర్లు కూడా తలుపులకు పెడతాము. ఇంత చిన్న విషయం ఇక్కడ అందరికీ తెలుసుననుకున్నాను.

డల్లాస్_గుంటూరు:
బల్లులను కాసేపు పక్కన పెడదాము. నేను గుంటూరులో అమ్మానాన్నల కోసం పెట్టించాను. తెల్లవారుజామున అమ్మ ముగ్గు వేయడానికి తలుపు తీయగానే సైరన్ మోగడం, నాన్న కంగారులో అంకెలు తప్పు నొక్కడం, ఇక్కడ నా ఫోన్ అదరడం పరిపాటి అయిపోయింది. వీధి తలుపుకు ముప్పై సెకన్ల వ్యవధి పెట్టించి, తలుపు పక్క మేకుకు రిమోట్ తగిలించాక కుదుటపడ్డాము. అమెరికాలో చాలా నగరాల్లో అలారానికి అనుమతి పత్రం తీసుకోవాలి, ఊరికే మోగి పోలీసులను పదేపదే రప్పిస్తే జరిమానా కూడా కట్టాలి. మన దగ్గరా అలాంటిది ఉంటే నిద్రలేని పొరుగువారి బాధ కొంత తీరేది.

గోదావరి_గట్టు:
ఇంత ఖర్చు దేనికి? తాళం వేసిన ఇళ్లను కనిపెట్టి ఉండే ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉంది కదా. ఊరికి వెళ్తున్నామని యాప్‌లో ముందుగా తెలిపితే వారే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, లోపల ఏదైనా కదిలితే కబురు నేరుగా వారికే అందుతుంది. మేము రూపాయి కూడా కట్టలేదు.

ఓరుగల్లు_కోట:
అడిగినవారిది హన్మకొండ. మీ రాష్ట్రపు పోలీసులు ఇక్కడికి వచ్చి కెమెరా పెట్టరు గదా! ఇక్కడివారు ఊరికి వెళ్లేముందు స్టేషన్‌లో చెప్పి వెళ్లడం మంచిది, గస్తీ తిరిగేవారు ఆ ఇంటి మీద ఒక కన్నేసి ఉంచుతారు. ఎవరూ చెప్పని మాట మరొకటి ఉంది. సిమ్ వేస్తే మన ఫోన్‌కు కబురు పంపే జీఎస్‌ఎం అలారం పెట్టెల్లో చవకగా దొరికేవి చాలావరకు 2జీ మీదే పనిచేస్తాయి, జియోకు 2జీ లేదు. అందులో జియో సిమ్ వేసి, ఫోన్ వస్తుందని నిశ్చింతగా ఊరికి వెళ్లేవారు ఎందరో ఉన్నారు. వేరే సిమ్ వేసినా రీఛార్జి గడువు ముగిసిందంటే పెట్టె మూగబోతుంది.

తీగల_పంతులు:
అయస్కాంతపు సెన్సర్ ఇనుప తలుపు మీద అలాగే అంటిస్తే లోహం వల్ల దాని పట్టు తగ్గి, తలుపు మూసి ఉన్నా తెరిచినట్టు చూపుతుంది, కాబట్టి హన్మకొండవారు వెనక తలుపుకు ఇనుప తలుపుల కోసమే తయారైన పెద్ద రకం అడిగి తీసుకోవాలి. కరెంటు పోయినప్పటి కోసం 12 వోల్టుల బ్యాటరీ పెట్టెలోనే ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ఆ బ్యాటరీని వదిలేయకండి, బయట మెయిన్ దించేసి లోపలికి దూరే దొంగలూ ఉంటారు.

పల్నాటి_బిడ్డ:
ఇన్వర్టర్ ఉన్నదే మెయిన్ దించినా పనిచేయడానికి కదా, పంతులుగారూ?

తీగల_పంతులు:
సెలవుకు వెళ్లేముందు ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపేసి వెళ్లే ఇళ్లు నేను చాలా చూశాను. మీరు చూడలేదేమో.