యాంటీఆక్సిడెంట్ల కోసం మాత్రలు వేసుకోవాలా, ఇంటి తిండి చాలుతుందా?

కె.ఆర్. పురం కోడలు (ప్రశ్న):
మాది మదనపల్లె, ఉద్యోగాల వల్ల బెంగళూరులో ఉంటున్నాము. మాతో ఉన్న మామగారి వయసు 68 ఏళ్లు. చాలాకాలం బీడీలు కాల్చి, నిరుడు గుండెకు స్టెంట్ వేసిన తరువాత మానేశారు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నారు. ఆయన స్నేహితులొకరు బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం కలిపిన యాంటీఆక్సిడెంట్ క్యాప్సూళ్ల డబ్బా ఇచ్చి, పొగ వల్ల పాడైన ఊపిరితిత్తులు వీటితో బాగుపడతాయని చెప్పారు. మా వారేమో క్యాప్సూళ్లకు బదులు బ్లూబెర్రీలు, గ్రీన్ టీ తెప్పిద్దామంటున్నారు. మామగారికి రాగి సంగటి, ఆకుకూర పప్పు, పచ్చడి ఉంటే చాలు. పళ్లు కోసి ముందు పెట్టినా ముట్టరు. ఇటువంటి మనిషికి ఏది మేలు చేస్తుందో, ఏది వృథా ఖర్చో తెలిసినవారు వివరించగలరు.

పోషకాహార విద్యార్థి:
నమస్కారం. వైద్యుణ్ణి అడగకుండా ఆ డబ్బా తెరవవద్దని ముందే గట్టిగా చెబుతున్నాను. బీటా కెరోటిన్ ఉన్న కూరలు, పళ్లు బాగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించడంతో, దాన్నే మాత్రగా ఇస్తే ఇంకా మంచిదని ఒకప్పుడు శాస్త్రజ్ఞులూ ఆశించారు. ఫిన్లాండ్‌లో పొగ తాగే 29,133 మంది పురుషులపై పరీక్ష జరిపి 1994లో ఫలితాలు ప్రకటించగా, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగినట్లు తేలింది. పొగ మానేసినవారిని కూడా చేర్చుకుని, బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చిన అమెరికా పరీక్షలోనూ ఇదే ధోరణి కనిపించడంతో దాన్ని 1996లో గడువుకు ముందే ఆపేశారు. విటమిన్ ఇ మాత్రలపై అక్కడే జరిగిన మరో పెద్ద పరీక్షలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగినట్లు 2011లో వెల్లడైంది.

దీన్ని చదివి క్యారెట్‌కూ గుమ్మడికాయకూ భయపడనక్కరలేదు. కూరలో ఉన్న కెరోటిన్ కొద్దికొద్దిగా, పీచుతోనూ ఇతర పోషకాలతోనూ కలిసి ఒంటికి అందుతుంది. యాంటీఆక్సిడెంట్లంటే, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులను అదుపు చేసే పదార్థాలు. ఫ్రీ రాడికల్స్‌ను అదుపు చేసే పనిలో అధిక భాగాన్ని కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ వంటి మన సొంత ఎంజైములే చేస్తాయి. పైగా సూక్ష్మక్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు ఆ ఫ్రీ రాడికల్స్‌నే ప్రయోగిస్తాయి కనుక, వాటిని పూర్తిగా తుడిచిపెట్టాలన్న ఆలోచనే సరైనది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2,000 కిలో కేలరీల ఆహారంలో ఆకుకూరలు, దుంపలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు ఉండాలి. మీ ఇంటి కంచంలో అంత ఉన్నదో లేదో ముందు చూసుకోండి.

మల్లేశ్వరం గృహిణి:
బ్లూబెర్రీలో విలువైనవి దాని రంగుకు కారణమైన ఆంథోసయనిన్లు. ఆ జాతి పదార్థాలే మన నేరేడు పండులోనూ, 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన బెంగళూరు బ్లూ ద్రాక్ష తొక్కలోనూ ఉన్నాయి. చిక్కబళ్లాపురం వైపు పండే ఆ ద్రాక్ష కాస్త పుల్లగా, గింజలతో ఉంటుందని మా పిల్లలు ముఖం తిప్పుకుంటారు కానీ, తోట పంటల రైతుల సహకార సంఘమైన హాప్‌కామ్స్ అంగళ్లలో సరసమైన ధరకే దొరుకుతుంది. విటమిన్ సి విషయానికి వస్తే జామకాయ ముందు బ్లూబెర్రీ నిలవదు: 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, పురుషులకు రోజుకు కావలసినది 80 మాత్రమే.

పళ్లు ముట్టనివారికి పచ్చడి రూపంలో పెట్టవచ్చు. దోరజామకాయతో, పచ్చి ఉసిరికాయతో అప్పటికప్పుడు రోటి పచ్చడి నూరితే మీ మామగారు సంగటిలో నంజుకుంటారు. నిలవ ఉసిరికాయ పచ్చడి మాత్రం ఆ లెక్కలోకి రాదు. గుండె జబ్బు ఉన్నవారికి అందులోని ఉప్పు మంచిది కాదు. విటమిన్ సి వేడికీ నీటికీ పోతుంది కాబట్టి ఆకుకూరను కడిగిన తరువాతే తరగడం, నిమ్మరసాన్ని పప్పు దించాక పిండడం మేలు. టమాటా సంగతి ఇందుకు భిన్నం: కొంచెం నూనెలో మగ్గితేనే అందులోని లైకోపీన్ అనే ఎర్ర రంగు పదార్థం ఒంటికి బాగా పడుతుంది. రాగుల్లో యాంటీఆక్సిడెంట్లుగా పనిచేసే ఫినాలిక్ పదార్థాలు ఎక్కువగా పైపొరలోనే ఉంటాయి కనుక, సంగటి నునుపుగా రావాలని పిండిని మరీ సన్నగా జల్లించకండి.

జయనగర్ పాఠకుడు:
పసుపును ఎవరూ ప్రస్తావించలేదు. మిరియాలతో కలిపిన పసుపు మాత్రలకు సాటి లేదని చదివాను. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలోనే దీనిపై పరిశోధన జరిగింది కదా.

మందుల షాపు మనిషి:
జరిగిన మాట నిజమే. 1998లో ప్రచురించిన ఆ పరిశోధనలో పసుపులోని ముఖ్య పదార్థమైన కర్క్యుమిన్ 2 గ్రాములకు, మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు జోడించగా, రక్తంలోకి చేరే మోతాదు ఇరవై రెట్లు పెరిగింది. అయితే పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే ఉంటుంది. అంటే 2 గ్రాముల కోసం దాదాపు 65 గ్రాముల పసుపు కావాలి. పోపులో వేసే చిటికెడుకూ ఆ లెక్కకూ పొంతన లేదు. రుచి కోసం, అలవాటు కోసం పసుపు వాడుకోండి, కానీ గాఢమైన పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు ఉన్నాయి. గ్రీన్ టీ కూడా కప్పులో తాగితే ఇబ్బంది లేదు. దాని సారంతో చేసిన మాత్రలకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

కె.ఆర్. పురం కోడలు గారూ, మీ మామగారు వాడేది ఏ మందో చెప్పండి. విటమిన్ కె పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ అయితే, ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పని చేస్తుంది కాబట్టి, రోజూ ఇంచుమించు ఒకే పరిమాణంలో తినాలి తప్ప ఒక్కసారిగా పెంచకూడదు.

కె.ఆర్. పురం కోడలు:
చీటీ చూశాను. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అని ఉంది. ఉసిరి దొరకని వేసవిలో ఏమి పెట్టాలో కూడా చెప్పగలరా?

మందుల షాపు మనిషి:
ఆ రెండింటికీ విటమిన్ కె అడ్డు రాదు. ఆకుకూర పప్పు నిశ్చింతగా పెట్టండి. ఎక్కువ మోతాదు విటమిన్ ఇ మాత్రం వాటితో కలిస్తే రక్తస్రావం ముప్పును పెంచగలదు కనుక, ఆ క్యాప్సూళ్ల గురించి గుండె వైద్యునికి తప్పక చెప్పండి.

మల్లేశ్వరం గృహిణి:
వేసవిలో పచ్చి మామిడికాయ పచ్చడి నూరండి. బొప్పాయి పండులో విటమిన్ సి, కెరోటినాయిడ్లు (బీటా కెరోటిన్ జాతి రంగు పదార్థాలు) రెండూ ఉంటాయి. దాన్ని కూడా వద్దంటే, దోరకాయను తురిమి కొబ్బరి, పోపు వేసి కూర చేయండి. వానలు మొదలయ్యేసరికి నేరేడు పళ్లు వస్తాయి.